నాయనమ్మ బుగడీలు

తేజశ్రీ డబ్బా మూత తీయగానే ఇషిత కెవ్వుమంది.

"అబ్బ, బుగడీలు! పైచెవికి ఇవి ఇంకా పెట్టుకుంటున్నారా?"

"మా నాయనమ్మవి. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే ఫస్టు. కాన్వొకేషన్‌ల ఇవి పెట్టుకొని ఫొటో పంపమన్నది."

కెనడాలో, సర్రీలోని ఆ బేస్‌మెంట్‌లో ముగ్గురు అమ్మాయిలు ఉంటారు. తేజశ్రీ, ఇషిత ఒకే కాలేజీ. మూడో అమ్మాయి చంద్రిక నాలుగు నెలల కిందటే వచ్చి చేరింది. భీమవరం పిల్ల. వయసులో పెద్దది, ఉద్యోగం చేస్తోంది.

చంద్రిక అంటే తేజశ్రీకి మంట.

కిటికీ ఉన్న ఒక్క గదీ ఆమెదే. పైన ఉండే పంజాబీ ఆంటీ పరాఠాలు చేస్తే మొదటి పిలుపూ ఆమెకే. నడుము దాకా జుట్టు, అదీ ఎప్పుడూ విరబోసుకునే ఉంటుంది. చాలదన్నట్టు దవడ కింద నువ్వుగింజంత పుట్టుమచ్చ. దేవుడు తీరిగ్గా కూర్చుని పెట్టినట్టు.

"శనివారం మాల్‌కు పోయి పైచెవులు కుట్టించుకుంట," అంది తేజశ్రీ.

చంద్రిక బుగడీల వంక చూడలేదు. తేజశ్రీ ఎడమ భుజం వంక చూసింది.

"తేజూ, అది బీసీజీ టీకా మచ్చేనా?"

"ఆ. అందరికీ ఉంటది కదా?"

"అందరికీ గుంట పడుతుంది. నీకు ఉబ్బింది. దురద పెడుతుందా?"

"అప్పుడప్పుడు. అయితే ఏంది?"

"అయితే చెవులు కుట్టించుకోకు. కొందరి చర్మం అంతే. గాయం మానినా మచ్చ ఊరుకోదు, పెరుగుతూనే ఉంటుంది."

"చిన్నప్పుడు కమ్మలకు కుట్టిచ్చిన్రు. ఏం కాలే."

"అప్పుడు కాలేదని ఇప్పుడూ కాదని లేదమ్మా. పైచెవి అయితే మరీ భయం. వీటికి క్లిప్పులు పెట్టించుకో. ఫొటోలో ఎవరికీ తెలీదు."

నాయనమ్మ బుగడీలకు క్లిప్పులు! తేజశ్రీకి ఒళ్లు మండింది. చంద్రిక తనకు లేనిది ఎదుటివాళ్లకు ఉంటే ఓర్చుకోలేకపోతోంది, ఇంకేం లేదు అనుకుంది.

"చెవుల ముచ్చట నీకెందుకక్కా? నీ చెవులు ఎన్నడన్న ఎవరన్న చూసిన్రా?"

ఇషిత కిసుక్కున నవ్వింది.

చంద్రిక చెయ్యి జుట్టు దాకా వెళ్లింది. అక్కడే ఆగింది.

"నీ ఇష్టం, తేజూ," అని తన గదిలోకి వెళ్లిపోయింది.

తేజశ్రీ శనివారమే చెవులు కుట్టించుకుంది.

సెప్టెంబరులో చంద్రికకు దూరంగా మిల్టన్ ఊళ్లో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ వెళ్తూ తేజశ్రీ బల్ల మీద చిన్న పెట్టె ఒకటి పెట్టింది. పైన 'తేజూకి, అవసరం పడితే' అని రాసి ఉంది. లోపల చెవికి పట్టించే గుండ్రటి పాత క్లిప్పులు రెండు.

"వాడేసినవి నాకు దానమా?" అంటూ తేజశ్రీ వాటిని చెత్తబుట్టలో పడేసింది. ఫోన్‌లో నంబరూ తీసేసింది.

కిటికీ ఉన్న గది తనకు దక్కింది. ఆ రోజు ఎంత హాయిగా నిద్రపోయిందో!

కాన్వొకేషన్ ఫొటో చూసి నాయనమ్మ వీధంతా తిప్పి చూపించింది.

సంక్రాంతి దాటాక కుడి పైచెవి దురద పెట్టసాగింది. ముందు శనగగింజంత అయింది. ఉగాది నాటికి రేగుపండంత. బుగడీ దూరడం మానేసింది. తేజశ్రీ కూడా జుట్టు విరబోసుకోవడం మొదలుపెట్టింది.

చర్మం డాక్టర్ దగ్గరికి పిలుపు రావడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది.

"కోసి పారెయ్యండి డాక్టర్," అంది తేజశ్రీ.

తెల్ల జుట్టు డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఒట్టిగా కోస్తే మళ్లీ వస్తుంది. ఇంతకంటే పెద్దదై వస్తుంది. దీన్ని కీలాయిడ్ అంటారు. నెలకోసారి ఇందులోకే ఇంజెక్షన్ ఇస్తాను. మెత్తబడ్డాక వీటితో నొక్కి ఉంచాలి."

సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. గుండ్రటి క్లిప్పులు రెండు.

తేజశ్రీ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"భుజం మీద ఆ మచ్చ ముందు నుంచీ ఇలాగే ఉబ్బి ఉందా? చెవులు కుట్టించుకోవద్దని నీకెవరూ చెప్పలేదా?"

తేజశ్రీ జుట్టు చెవి మీదికి లాక్కుంది.

"పోనీలే. నీ అదృష్టం, మీ ఫ్యామిలీ డాక్టర్ చూడగానే గుర్తుపట్టి నా దగ్గరికి పంపాడు. మునుపు ఇలాంటివి చీము అనుకుని నెలల తరబడి ఆయింట్‌మెంట్లు రాసేవాళ్లు. మేం చదువుకున్న పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్ల చర్మం మీదే."

"మరి ఆయనకెట్ల తెలిసింది?"

"ఒక పేషెంట్ వల్ల. మీ దేశం అమ్మాయే. రెండుసార్లు కోయించుకుంటే రెండుసార్లూ రెట్టింపై వచ్చింది. ఇక్కడికి వచ్చేసరికి చెవులు ఎవరికీ చూపించేది కాదు, పాపం. ఒకరోజు తనే అడిగింది, నా ఫొటోలు తీసి డాక్టర్లందరికీ చూపించండి, మా రంగు చర్మం మీద ఇది ఎలా ఉంటుందో తెలియాలి, నా తర్వాత వచ్చే పిల్లకైనా ఆలస్యం కాకూడదు అని. ఆ ఫొటోలతోనే ఈ చుట్టుపక్కల డాక్టర్లకు పాఠం చెబుతున్నాను. ముఖం లేకుండా తీశాం. చూస్తావా?"

డాక్టరమ్మ కంప్యూటర్ ఇటు తిప్పింది.

చెవి నుంచి వేలాడుతున్న గడ్డ. కెమెరాకు అడ్డం రాకుండా ఒక చెయ్యి ఒత్తైన జుట్టును పైకెత్తి పట్టుకుని ఉంది.

దవడ కింద నువ్వుగింజంత పుట్టుమచ్చ.