పదకొండు మలుపులు

జీపు కొండ దిగడం మొదలుపెట్టగానే గుమాస్తా ముందు సీటు వెనకున్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

ఈ దారిలో పదకొండు మలుపులు. ఆయన ఒక్కదాన్నీ సరిగ్గా చూసిన పాపాన పోలేదు గానీ అన్నీ తెలుసు. లారీ కంపెనీ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు కూర్చుని ప్రమాదాల రిపోర్టులు రాసింది ఆయనే మరి. మూడో మలుపులో సిమెంటు లోడు. ఐదో మలుపులో కలప. ఏడో మలుపు గురించి రాసిన కాగితాలకైతే ఒక ఫైలు చాల్లేదు.

కంపెనీ మూతపడిన పన్నెండేళ్ళకు పాతవాళ్ళంతా ఇవాళ కొండ మీద కలిశారు. పొద్దున గుమాస్తా బస్సులో కళ్ళు మూసుకుని పైకి వచ్చేశాడు. మధ్యాహ్నం తిరిగి వెళ్ళాల్సిన బస్సు రాలేదు. మా జీపులో దింపుతాం రండి అని ఇద్దరు పాత డ్రైవర్లు పిలిచారు. కాదనడానికి నోరు రాలేదు, ఎక్కడానికి కాళ్ళు రాలేదు. వాళ్ళే చెయ్యి పట్టుకుని ఎక్కించారు. ప్రాణాలతో కిందికి చేరితే చాలు, జన్మలో కొండ మొహం చూడనని ఎక్కీ ఎక్కకముందే ఒట్టు పెట్టుకున్నాడు.

ఆయనకున్న ధైర్యమల్లా స్టీరింగు దగ్గరున్న మనిషే. కంపెనీలో అందరూ అతన్ని ‘నిదానం’ అనేవాళ్ళు. మాట తక్కువ, వేగం తక్కువ. అతని మీద గుమాస్తా ఒక్క రిపోర్టు రాసింది లేదు. పైగా మర్యాదస్తుడు. పొద్దున ఎదురుగా వెళ్ళి నిలబడితే పలకరించడేమిటా అని గుమాస్తా కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజమే. కానీ “ఏమయ్యా, బాగున్నావా?” అన్నాడో లేదో, అతను లేచి నిలబడి రెండు చేతులూ పట్టుకున్నాడు. పన్నెండేళ్ళ తర్వాత గొంతు విని గుర్తుపట్టడమంటే మాటలా!

పక్క సీట్లో ఉన్నవాడితోనే తంటా. నిదానం లారీ మీద మొదటినుంచీ రెండో డ్రైవరు వాడు. ముద్దుపేరు ‘డప్పు’. నోరూ ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి డోరు మీద కొడుతూనే ఉంటాడు. మోకాలి ఆపరేషనయ్యాక బ్రేకు తొక్కలేకపోతున్నానని, లేకపోతే ఈ జీపు తానే నడిపేవాణ్ణని చెప్పుకొచ్చాడు. గుమాస్తా మనసులోనే ఆ మోకాలికి ఒక దణ్ణం పెట్టుకున్నాడు.

రెండో మలుపు దాటేసరికి డప్పు పాతవాళ్ళని ఒక్కొక్కరినీ తవ్వి తీయడం మొదలుపెట్టాడు. లోడు మీద టార్పాలిన్ కింద నిద్రపోయి, మూడు ఊళ్ళు దాటాక లేచి లబోదిబోమన్నవాడు. హారన్ చెడిపోతే తానే కేకలు పెట్టుకుంటూ కొండంతా దిగినవాడు. గుమాస్తా నవ్వాలని చూశాడు. పళ్ళు బయటికొచ్చాయి గానీ నవ్వు రాలేదు.

మధ్యమధ్య డోరు మీద దెబ్బలు. ఒకసారి ఒకటి, ఇంకోసారి రెండు. దెబ్బ పడ్డప్పుడల్లా గుమాస్తా ఉలిక్కిపడి కడ్డీని ఇంకా బిగించి పట్టుకుంటున్నాడు. ఆ చప్పుడు ఆపవయ్యా అని రెండుసార్లు బతిమాలాడు. అలవాటైపోయిందండీ అని డప్పు నవ్వేశాడు.

ఐదో మలుపు దాటాక డప్పు వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“గుమాస్తా గారూ, మీ అక్షరాల బోర్డు గుర్తుందా?”

గుర్తులేకేం! ఏటా డ్రైవర్లని ఆ బోర్డు ముందు నిలబెట్టి, కంటి పరీక్ష చేసి సంతకం పెట్టింది ఆయనే. ఆయన పరీక్షలో ఒక్కడూ తప్పలేదు. ఆ సంగతి ఇప్పటికీ ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాడు.

“పదహారేళ్ళు అదే బోర్డు కదండీ. చివరి వరుస మా అందరికీ కంఠతా వచ్చు. మాకైతే సరదా గానీ, ఒకడికి అదే దిక్కు. నాలుగు గజాలు దాటితే వాడికంతా పొగమంచే. ఎక్కం నేర్పినట్టు నేర్పించి మీ దగ్గరికి పంపేవాళ్ళం.”

గుమాస్తా సీటు అంచుకు జరిగాడు. తన సంతకం చేతబట్టుకుని, చూపు ఆననివాడు లారీ తోలాడా? మూడో మలుపులో సిమెంటు లోడు వాడిదేనా? కలప లోడా? బ్రేకులు పనిచేయలేదని తాను రాసిన కాగితాలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆ కాగితాల్లో చనిపోయినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. వాడెవడో తెలుసుకోవాలి. తెలుసుకోవాలంటే భయంగానూ ఉంది.

“ఎవరయ్యా వాడు?” అన్నాడు.

“కిందికి వెళ్ళాక చెప్తాలెండి,” అన్నాడు డప్పు. ఆరో మలుపు రాగానే డోరు మీద రెండు దెబ్బలు వేశాడు.

దూరంగా ఏడో మలుపు నంబరు రాయి కనిపించింది. దాని పక్కన పిట్టగోడ రెండు బారల మేర విరిగిపోయి ఉంది. విరిగినచోట అవతల ఏమీ లేదు, ఉత్త ఆకాశం. గుమాస్తా వీపు చెమటతో తడిసి చొక్కా అంటుకుపోయింది. భార్య గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుందామంటే ఈసారి రెప్పలు కూడా మాట వినలేదు.

డప్పు చెయ్యి మళ్ళీ డోరు మీదికి లేచింది.

ఇక ఆయన వల్ల కాలేదు. ముందుకు వంగి వాడి మోచేతిని రెండు చేతులా లోపలికి లాగి పట్టుకున్నాడు.

“నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క మలుపూ చప్పుడు లేకుండా దాటనివ్వు.”

డప్పు విడిపించుకోబోయాడు. ఆయన ఉడుంపట్టు పట్టాడు. రాయి దగ్గరికొచ్చేసింది. ఆకాశమూ దగ్గరికొచ్చేసింది.

డప్పు నోరు తెరిచేలోపే, ఇంతదాకా కిక్కురుమనని నిదానం, తల కూడా తిప్పకుండా మెల్లగా అన్నాడు.

“ఆ చెయ్యి వదలండి గుమాస్తా గారూ, వాడు డోరు మీద కొడితేనే కదా మలుపు ఎటో నాకు తెలిసేది.”