కొల్లేట్లో దిగిన టపా విమానం

ఏలూరు దిగువన కొల్లేటి ఒడ్డున విమానాలు దిగే మైదానంలో రాత్రిపూట దీపాలు వెలిగించడం మొహిద్దీన్ పని. ఒక వానరాత్రి అతను నిద్రపోయాడు. దీపాలు కనబడక టపా విమానం కొల్లేట్లో కూలి, పైలట్ చనిపోయాడు. "నేను వెలిగించానండీ" అని అందరితోనూ బొంకాడు మొహిద్దీన్. కంపెనీ ఆ దారిన విమానాలు నడపడం మానేసింది.

నెల తిరక్కుండానే ఒక రాత్రి ఇంజను చప్పుడు వినిపించింది.

"విమానమండీ! వెళ్లి దీపాలు పెట్టండి. ఆనాడు అంత వానలోనూ పెట్టారు కదా మీరు," అంది భార్య రబియా గర్వంగా.

సిగ్గుతో ఆమె ముఖం చూడలేక పరుగెత్తాడు. దీపాలన్నీ వెలిగించి తలెత్తితే ఆకాశం ఖాళీ. చప్పుడు నీళ్లలోంచి వస్తోంది.

ఇంజను ఆగింది. కిక్కిస పొదల్లోంచి ఎవరో మర్యాదగా అడిగారు.

"ఇప్పుడా అండీ, వెలిగించడం?"

వెనకే వచ్చి నిలబడ్డ రబియా ఆ మాట వింది.