ఐదో ఆకు

"ఐదున్నాయి, పంతులమ్మా. ఈసారి జిగురు లేదు."

గుమ్మంలో నిలబడ్డ తూరె రొప్పుతున్నాడు. బూట్లకు నాచు, టోపీకి సాలెగూడు. మైకెన్ కాఫీ కప్పు పక్కన పెట్టి, ఎక్కడని కూడా అడగకుండా బూట్లు తొడుక్కుంది.

మూడేళ్ల కిందట, మొక్కలు చూసే క్లబ్బుతో అడవికి వెళ్లినప్పుడు, అందరి ఎదుటా తూరె ఆమెను పెళ్లి చేసుకోమని అడిగాడు. అతను పడవ నడిపి రిటైరైన మనిషి. అప్పుడు వాళ్ల కాళ్ల దగ్గర పాముపండు మొక్క ఉంది. ఒకే కాడ, దాని చుట్టూ గొడుగులా నాలుగాకులు, పైన పువ్వులోనూ అన్నీ నాలుగేసి. ఐదాకులది చూపిస్తే చేసుకుంటానని మైకెన్ నవ్వేసింది. అందరూ నవ్వారు. తూరె మాత్రం మర్నాటి నుంచే అడవి గాలించడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పిన మైకెన్ ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోదని ఉప్సాలాలో ఆమె దగ్గర చదివినవాళ్లందరికీ తెలుసు. నిరుడు వసంతంలో అతను ఐదో ఆకు అతికించి తెస్తే, గోటితో ఊడబీకి సున్నా వేసింది.

దారిలో ఆమే ముందు నడిచింది. శరత్తు నుంచి పీడిస్తున్న మోకాలి నొప్పితోనే పాత పిండిమర దగ్గర ఎడమకు తిరిగి, తెల్ల బెరడు బర్చ్ చెట్ల కింద ఆగింది. తూరె వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. తను రోజూ ఆమె ఇంటికి వచ్చే దారేనట, మూడేళ్లలో ఇక్కడ ఒక్క పాముపండూ కనబడలేదట.

"కళ్లజోడు మార్చుకోమంటే విన్నావా?"

మైకెన్ మెల్లగా వంగింది. ఆకులు ఐదు. పువ్వు కింది పచ్చరేకులూ ఐదే. ఒక్కో ఆకు మొదలూ గోటితో గీకి చూసింది. అన్నీ ఒకే కణుపు నుంచి పుట్టినవే.

"మళ్లీ సున్నానా?" తూరె ఆమె భుజం మీదుగా తొంగి చూశాడు.

"లెక్క సరిపోయింది. రేపు తొమ్మిదింటికి పన్నుల ఆఫీసులో పెళ్లి దరఖాస్తు ఇద్దాం, పెళ్లి అనుమతులిచ్చేదీ వాళ్లేగా. గడ్డం గీసుకుని రా."

తూరె నాచు మీదే చతికిలబడి, ఆ మొక్కకు టోపీ తీశాడు. వెతికి వెతికి తను అలిసిపోతే, చివరికి అదే తన దారిలోకి నడిచొచ్చిందన్నాడు. మైకెన్ అవునని తలూపింది.

నిరుడు ఆకులు రాలే కాలంలో ఆ ఐదాకుల మొక్క దుంపను వేరే చోటి నుంచి తెచ్చి అక్కడ పాతింది ఆమే.