కర్టెన్లు మూసిన వీధి

“అమ్మా, ఎదురిళ్ళవాళ్ళంతా కర్టెన్లు మూసేశారు. మనమీద కోపమా?” కిటికీ దగ్గర నిలబడి అడిగింది నెస్టా.

“కోపమైతే వీపు తిప్పుతారు. పట్టపగలు కర్టెన్లు మూశారంటే వీధిలో ఎవరో పోయారన్నమాట,” అంది డిలిస్. అంటూనే తన కర్టెన్లూ మూసింది. బతికున్నప్పుడు ఎంత పగ ఉన్నా, ఈ వేల్స్ గని ఊళ్ళో పోయినవాళ్ళకు ఆపాటి మర్యాద చేస్తారు.

“ఎవరు పోయారు?”

“మనకెవరు చెప్తారే?”

సమ్మె మధ్యలో డిలిస్ భర్త ఐవర్ తిరిగి పనిలో చేరిన నాటినుంచి ఈ ఇంటితో ఎవరికీ మాటల్లేవు. వీధి మొత్తంలో పనికి పోయేది అతనొక్కడే. తెల్లవారకముందే, రాళ్ళు తగలకుండా కిటికీలకు ఇనుప వల బిగించిన బస్సెక్కి గనికి వెళ్తాడు. బస్సు కదిలేదాకా జనం వీపులు తిప్పి నిలబడతారు.

డిలిస్ పక్కింటి గోడకు చెవి ఆనించింది. ఊపిరితిత్తులకు బొగ్గు ధూళి పట్టిన అక్కడి ఎమ్లిన్ తాత దగ్గు వినకుండా ఈ ఇంట్లో ఎవరికీ తెల్లారదు. ఇవాళ పొద్దుటినుంచీ చప్పుడే లేదు.

“ముసలాయన వెళ్ళిపోయాడే,” అంది కుర్చీలో కూలబడి. “నన్ను ఎత్తుకుని తిప్పినవాడు. కడసారి ‘ద్రోహి పెళ్ళామా’ అని తిట్టనైనా తిట్టకుండా పోయాడు.”

కాసేపటికి లేచి, ఐవర్ పుట్టినరోజుకని దాచిన ఎండుద్రాక్షలు తీసి పిండిలో కలిపింది. పెనం మీద తీపి రొట్టెలు కాల్చింది.

“మనల్ని రానిస్తారా?”

“చావింటికి పళ్ళెం పట్టుకెళ్తే గుమ్మంలోంచి ఎవరూ పంపెయ్యరు.”

ఒక్కరు పలకరిస్తే చాలు, రేపు ఇంకొకరు పలకరిస్తారు. ఒకరి చావు మీద ఆశ పెట్టుకున్నందుకు ఆమెకు సిగ్గేసింది. అయినా ఆశ పోలేదు.

“నాన్నకి రెండు ఉంచమ్మా. వచ్చే వేళయింది.”

“ఉంచాన్లే. నువ్వు ముట్టుకోకు.”

బయట ఎదురింటి ఓల్వెన్ గడప కడుగుతోంది. డిలిస్ కనబడితే చాలు, “తప్పుకోండర్రా, దొరసానిగారొస్తున్నారు,” అనే మనిషి. ఇవాళ ఆ మాట అనలేదు. తల దించుకుని, బకెట్ అక్కడే వదిలి లోపలికి పోయింది.

డిలిస్ పక్కింటి తలుపు తట్టింది.

తీసింది ఎమ్లిన్ తాతే. ఒంటిమీద తడిసిన కోటు, బూట్లకు గని బురద. వెనక గదినిండా జనం.

“తాతా... పోయింది నువ్వేననుకుని తెచ్చాను,” అంది డిలిస్, పళ్ళెం ఎటు పెట్టాలో తెలియక. “మరి ఎవరు?”

“లోపలికి రా తల్లీ. ఇప్పుడే గనినుంచి వచ్చాం, నీతో ఎవరు మాట్లాడాలో తేలక కూర్చున్నాం,” అంటూ ముసలాయన నెత్తిమీది టోపీ తీశాడు.