గురుజీకి మెత్తటి బ్రేకు

"ఒక్క వేలితో తిరగాలి," అన్నాడు ఫుర్బా తమాంగ్.

మెకానిక్ వాంగ్దీ బండి కిందినుంచి తల బయటపెట్టాడు. "ఏంటన్నా, స్టీరింగా?"

"స్టీరింగే. బ్రేకు కూడా మూడుసార్లు తొక్కితే గానీ పడని రకం వద్దు. ఒక్కసారికే ఆగాలి. ముందు చక్రాలు రెండింటికీ డిస్కు బ్రేకులు వేసెయ్."

వాంగ్దీకి నవ్వాగలేదు. మానేభంజ్యాంగ్ జీపుల అడ్డాలో ఎవరైనా పవర్ స్టీరింగ్ మాటెత్తితే, "భుజాల్లేని వాళ్ల సరదా" అని వెక్కిరించిన మనిషి ఈయనే. ఆ ల్యాండ్ రోవర్‌ది, ఆయనది దాదాపు ఒకే వయసు. ముప్ఫై రెండేళ్లుగా దానితో కుస్తీ పడుతూ సందక్‌ఫూ కొండ ఎక్కి దిగుతున్నాడు.

"సీటు కూడా నాలుగు వేళ్లు ముందుకు జరుపు."

"కాళ్లు కూడా కురచయ్యాయా అన్నా?"

ఇంకోరోజైతే ఆ మాటకి పానా గాల్లో లేచేది. ఫుర్బా మాత్రం, "వయసురా" అని ఊరుకున్నాడు. వాంగ్దీకి ప్రాణం ఉసూరుమంది.

శనివారం జీపుల సంఘం పరీక్ష. పాత బండైనా, నడిపే మనిషైనా పైనున్న చిత్రే ఊరి నిటారు ఎక్కుడు ఎక్కి చూపించాలి. ఆపమన్న చోట ఆపాలి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. తప్పితే బండి వరుసలోంచి పోతుంది. పోతే కొనుక్కోవడానికి సిలిగురి హోటలాయన కాచుక్కూచున్నాడు. గుమ్మం ముందు నిలబెట్టి బానెట్ మీద పూలకుండీలు పెడతాడట. ఆ మాట విన్న రోజు ఫుర్బా అన్నం ముట్టలేదు.

సంగతి టీ కొట్టు దాకా పాకింది.

"ఏం గురుజీ, ఒక వేలితో తిప్పుతావట! ఆ రెండో చేత్తో స్వెట్టర్ అల్లుకో," అన్నాడు బిర్ఖే. ఈ కొండమీద స్టీరింగ్ ముందు కూర్చున్న వాళ్లందరూ గురుజీలే. నిన్నగాక మొన్న లైసెన్సు తెచ్చుకున్న బిర్ఖే కూడా గురుజీయే.

"అల్లి నీకే ఇస్తాలే," అంటూ ఫుర్బా కెటిల్ వంచాడు. సగం టీ గ్లాసు పక్కన పడింది.

"చెయ్యి వణుకుతోంది పాపం," అన్నారెవరో. ఆయన కాదనలేదు.

వాంగ్దీ పాత జీపులోంచి ఊడదీసిన స్టీరింగ్ పంపు తెచ్చి ఛాసిస్‌కి వెల్డింగ్ పెట్టాడు. బెల్టు వంకరొచ్చిందని రెండుసార్లు కోసి మళ్లీ అతికాడు. ఫుర్బా పక్కనే కూర్చుని నట్లు బిగించాడు, మొహం దాదాపు నట్టుకి ఆనించి.

"ముక్కుతో బిగిస్తావా ఏంటన్నా?"

"నువ్వు వదులుగా వదిలేస్తే ముక్కే గతి."

మధ్యాహ్నం ఆయన భార్య ఫూల్‌మాయ మోమోల డబ్బాతో వచ్చింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. ముప్ఫై రెండేళ్లుగా ఆ బండిలో ఎడమ సీటు ఆవిడదే. ఎక్కుడులో బండి ఆగితే చాలు, ఒళ్లో ఉన్న చెక్కదిమ్మతో కిందికి దూకి వెనక చక్రానికి అడ్డం పెడుతుంది. తీసేశాక ఎక్కి కూర్చుని, "పదండి గురుజీ" అంటుంది. ఆ మాట పడితే గానీ ఫుర్బా గేరు వెయ్యడు.

ఈమధ్య మాత్రం మంగళవారం, శుక్రవారం డార్జిలింగ్ వెళ్లి వస్తోంది. అక్కకి మోకాళ్ల నొప్పులట.

"తగ్గిందా వదినా, మీ అక్కకి?"

"పూర్తిగా. ఇక రానక్కర్లేదని కాగితం కూడా ఇచ్చారు."

"మంచిది. కాస్త ఎక్కి బ్రేకు పెడల్ తొక్కు, గొట్టాల్లో గాలి తియ్యాలి." వాంగ్దీ చక్రం దగ్గర కూర్చున్నాడు. "తొక్కు... పట్టి ఉంచు... ఊఁ, వదులు."

"ఎంత తొక్కితే పడుతుంది?"

"సగం చాలు."

"దిగుడులో వేడెక్కి పట్టు తప్పదు కదా?"

"పాతవాటికున్నంత భయం లేదొదినా. గేరు మాత్రం కిందదే ఉంచాలి. అన్నకి నేను చెప్పాలా!" ఆవిడ దిగులు చూసి వాంగ్దీ జాలిపడ్డాడు. "గుండె దిటవు చేసుకో. అన్నకేం కాదు."

ఫూల్‌మాయ ఏదో అనబోయి మొగుడి వంక చూసి ఆగిపోయింది.

సాయంత్రం ఫుర్బా ఎక్కి ఇంజిను ఆన్ చేశాడు. చూపుడువేలితో చక్రం తిప్పితే పిల్లాడి బొంగరంలా తిరిగింది. ఆయన మొహంలో సంతోషం మాత్రం కనపడలేదు.

"బాలేదా అన్నా?"

"బ్రహ్మాండంగా ఉంది. దీనితో ముప్ఫై రెండేళ్లు పోట్లాడాను కదరా. అదే గుర్తొస్తోంది." చాలాసేపు ఆ చక్రాన్ని అరచేత్తో నిమురుతూ కూర్చున్నాడు. వాంగ్దీ పని ఉన్నట్టు అవతలికి వెళ్లిపోయాడు.

శనివారం పొద్దున అడ్డా అంతా అక్కడే ఉంది. ఫూల్‌మాయ అందరికంటే ముందొచ్చి, అద్దానికి శుభం కోసం తెల్ల ఖాదా కండువా కట్టి, బండిలో కూర్చుంది. మంచుకి అద్దాలు మసకబారి లోపల మనిషి నీడ తప్ప కనపడటం లేదు.

"వేలు బాగా అరగదీసుకొచ్చావా గురుజీ?" అరిచాడు బిర్ఖే. అందరూ నవ్వారు. వాంగ్దీ నవ్వలేదు.

"పదిహేడో నంబరు!" అని కేకేశాడు కార్యదర్శి.

ఫుర్బా బానెట్‌కి నమస్కారం పెట్టాడు. దాని అంచు తడుముకుంటూ నడిచి ఎడమవైపు తలుపు తీసి ఎక్కాడు. చెక్కదిమ్మని ఒళ్లో పెట్టుకున్నాడు.

"పదండి గురుజీ," అన్నాడు భార్యతో.