చూశాను, తప్పుల్లేవు

"ఏడెనిమిదులెంత బావా?"

ప్రెస్సు యజమాని ఎక్కాల పుస్తకాన్ని ప్రూఫ్‌రీడరు బల్ల మీద పడేసి అడిగాడు.

"యాభై ఆరు. ఈ వయసులో నాచేత ఎక్కాలు ఒప్పజెప్పిస్తారా బావగారూ?"

"మరి ఇందులో ఎంతుందో చూడు."

ప్రూఫ్‌రీడరు పేజీని కాస్త దగ్గరికి, కాస్త దూరానికి జరిపి, "యాభై ఆరే" అన్నాడు ధీమాగా.

కంప్యూటరు ముందు కూర్చున్న కంపోజిటరు ఇద్దరి వైపూ చూసి, "అరవై ఐదు పడింది మాస్టారూ" అంది మెల్లగా.

బళ్లో పంతులమ్మ పుస్తకాలన్నీ కట్టలు కట్టి తిప్పి పంపింది. తప్పు కొట్టింది తనేనని కంపోజిటరు అప్పుడే ఒప్పేసుకుంది.

"కొట్టేవాళ్లు తప్పు కొడతారమ్మా. పట్టుకోడానికేగా ఈయనున్నది!" యజమాని మళ్లీ బావ మీద పడ్డాడు. "రేపు మందుసీసాల పెట్టెల్లో పెట్టే కాగితం ప్రింటుకెళ్లాలి. పసిపిల్లల మందు. అర చెంచా పడాల్సిన చోట ఐదు చెంచాలని పడితే ఎవరు దిక్కు? ఆ కళ్లజోడేదో పెట్టుకో బావా, నీకు పుణ్యముంటుంది."

"పెట్టుకోను. జోడు తగిలిస్తే కళ్లు సోమరిపోతులైపోతాయి. ముప్పై ఏళ్లుగా అక్షరాలతో కాపురం చేస్తున్నాను. మొహం చూడకుండానే గుర్తుపడతాను."

"నా భయమూ అదే."

ఆ ప్రెస్సులో ప్రూఫు చూడడానికి ఒక పద్ధతి ఉంది. కంపోజిటరు రాతప్రతిని పైకి చదువుతుంది. ప్రూఫ్‌రీడరు అచ్చుకాగితం మీద ఒక్కో వరుసా పెన్నుతో వెంబడిస్తూ తల ఊపుతాడు. ఏడాదిగా ఆయన వింటున్నాడే గానీ చూడడం లేదు. ఈ సంగతి ప్రెస్సులో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

తీసేద్దామంటే యజమానికి ధైర్యం చాలలేదు. ప్రూఫ్‌రీడరు ఆయన భార్యకు సొంత అన్న. 'మా అన్నయ్య పొట్ట కొడతారా?' అని ఆవిడ నడుం బిగించి నిలబడితే ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టవు. అదే బావ తనంతట తను మానేస్తే ఎవరికీ ఏ పేచీ ఉండదు.

యజమాని కంపోజిటర్ని తన గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"నా బల్ల మీదున్న ఈ కంప్యూటరులో నాలుగు ముక్కలు కొట్టమ్మా. 'నా చూపు మందగించినందున నా ఇష్టప్రకారమే ఉద్యోగం మానుకుంటున్నాను.' అంతే. కింద ఆయన సంతకానికి చోటు, దాని పక్కన ఆమోదించినట్టు నా సంతకానికి చోటు. మందు కాగితం ప్రూఫని చెప్పి చేతిలో పెడదాం. చదవలేడుగా, సంతకం గీకేస్తాడు."

కంపోజిటరు వేళ్లు కదల్లేదు. "ఆ బల్ల తప్ప ఆయనకి ఇంకేం లేదు సార్. మాన్పిస్తే మనిషి దక్కడు."

"మందు తాగే పసివాళ్లు దక్కాలా వద్దా?"

కంపోజిటరుకి ఆ మనిషి మీద జాలి ఎంతుందో, ఆ చెంచాల లెక్కంటే భయమూ అంతే ఉంది. కుర్చీ తెర ముందుకి లాక్కుని గబగబా కొట్టి, కాగితం తీసి యజమానికిచ్చింది. ఆయన చెయ్యి బారుగా చాపి, మెడ వెనక్కి వంచి దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"చెప్పినట్టే కొట్టావుగా?"

"సంతకాలకి రెండు చోట్లూ వదిలాను సార్."

"బాగుంది. పద."

ప్రూఫ్‌రీడరు కాగితం అందుకుని, అలవాటు ప్రకారం కంపోజిటరు వైపు చెవి తిప్పాడు. యజమాని అడ్డుపడ్డాడు.

"ఇవాళ ఆవిడ చదవదు. నీ కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయన్నావుగా, నువ్వే చూడు."

ప్రూఫ్‌రీడరు మొహంలో ఒక్క క్షణం రంగు మారింది. అంతలోనే సర్దుకుని, పెన్ను తీసి మొదటి వరుస మీద పెట్టాడు. పెదాలు కదిలించాడు. భుజాలు సవరించుకున్నాడు. మధ్యలో ఒకచోట ఆగి, సాలోచనగా తల పంకించి, ఎందుకైనా మంచిదని ఒక కామా పెట్టాడు. చివరికి 'చూశాను, తప్పుల్లేవు' అని రాసి, కంపోజిటరు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు.

"మోతాదు దగ్గర రెండుసార్లు చూశాను బావగారూ. అర చెంచాయే. ఇక నిశ్చింతగా ప్రింటుకి పంపించండి."

యజమాని కాగితం లాక్కున్నాడు. కంపోజిటరు వేలు పక్కకి జరిగింది. ఆ వేలి చివర ఆయన బరబరా సంతకం గీసి తేదీ వేశాడు. మనసులో ఎక్కడో చివుక్కుమంది. ఎంతైనా భార్య తోడబుట్టినవాడు. కానీ పని అయిపోయింది.

"బావా, ఏమీ అనుకోకు. ఇందులో మందూ లేదు, మోతాదూ లేదు. నువ్వు దేనికి సంతకం పెట్టావో విను." కాగితాన్ని కంపోజిటరుకిచ్చి కుర్చీలో వెనక్కి వాలాడు. "చదవమ్మా, గట్టిగా చదువు."

ప్రూఫ్‌రీడరు చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. కంపోజిటరు కాగితాన్ని కళ్లకు సూటిగా పట్టుకుని, రోజూ రాతప్రతి చదివే గొంతుతోనే చదివింది:

"'కింద సంతకాలు చేసిన బావాబావమరుదులం ఇద్దరమూ, రేపటినుంచి కళ్లజోళ్లు పెట్టుకోకుండా ఈ ప్రెస్సులో అడుగుపెట్టబోము, అలా అడుగుపెట్టినట్టయితే ఈ కాగితాన్ని నేరుగా ఇంట్లో అమ్మగారి చేతికి ఇవ్వవచ్చు.'"