అద్దం మీద అంకె

పాప పక్కబట్టలు తడిసి ముద్దయ్యాయి. తడిపింది పాప కాదు, కిటికీ.

కబురందగానే అద్దాల మేస్త్రీ పరుగున వచ్చాడు. తను బిగించిన అద్దమే. లోపలివైపు చెమట పట్టి, నీళ్లు ఉయ్యాలలోకి కారుతున్నాయి. తల్లి భుజం మీద పాప ఆగకుండా దగ్గుతోంది. ఆ దగ్గు అతని గుండెల్లో గుచ్చుకుంది.

"రెండు పొరలన్నావ్, మధ్యలో గ్యాసన్నావ్, చలే రాదన్నావ్!" పాప తండ్రి విరుచుకుపడ్డాడు.

"ఇలాంటివాణ్ణి ఊరికే వదలకూడదురా," గుమ్మంలోంచి పెదనాన్న అందుకున్నాడు. "స్టార్లు తక్కువున్న ఫ్రిజ్‌ని నా షాపు గడప కూడా తొక్కనివ్వను నేను!"

మేస్త్రీ లైటర్ వెలిగించి అద్దానికి దగ్గరగా పట్టాడు. అద్దంలో నాలుగు మంటలు కనిపించాయి. నాలుగూ ఒకే రంగు. అందరూ వెంట రాగా, పక్కనే ఉన్న పెదనాన్న గదిలోకి వెళ్లి అక్కడి కిటికీ దగ్గరా వెలిగించాడు. అక్కడ ఒక మంట ఎర్రగా ఉంది.

"వేడిని ఆపే పూత ఉన్నది ఇదే సార్. పాప కోసం మీరు ఏరికోరి కొన్నది." మేస్త్రీ ఆ ఎర్ర మంటను చూపించాడు. "తారుమారైంది."

"ఎలా అవుతుందయ్యా? స్టిక్కర్ మీద అంకె ఉందిగా?" అన్నాడు పాప తండ్రి.

"ఉంది సార్. వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె. ఎంత తక్కువైతే అంత మంచిది. ఇది 1.1, పాప గదిలోది 2.8. ముందురోజు నేనే చూసి, ఏ గది అద్దం ఆ గదిలో ఆనించి వెళ్లాననుకున్నా. పొద్దున తొందరలో మళ్లీ చూసుకోకుండా బిగించేశాను. తప్పు నాదే. ఇప్పుడే మార్చేస్తాను."

"పాపకేమన్నా అయ్యుంటే?" అంది తల్లి.

మేస్త్రీ తల దించుకుని పనిముట్ల సంచి విప్పాడు. ఇందాకటి నుంచి ఎగిరిపడుతున్న పెదనాన్న మాత్రం స్టిక్కర్ దగ్గరికి వంగి ఆ అంకెనే మళ్లీ మళ్లీ చదువుతున్నాడు.

"నీ మీద కేసు పెట్టకపోతే చూడు!" పాప తండ్రి ఫోన్ అందుకున్నాడు.

"ఆగరా." పెదనాన్న తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. "అతనేం పొరపాటు చెయ్యలేదు. ఆ రాత్రి అద్దాలు మార్చింది నేను."

"నువ్వా? మంచిది నీ గదికి కావాలని పసిపిల్ల నోటి దగ్గరిది లాక్కున్నావా అన్నయ్యా?"

పెదనాన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అంకె పెద్దదైతే మంచిదనుకుని, పెద్దది పాపకిచ్చానురా."